వృత్తి గడిలో ‘లేదు’ అని రాసిన మీకు

గౌరవనీయులైన అధికారులకు,

మరణాల రిజిస్టరు రాసేవారికి, అడంగల్ రాసేవారికి, పంట నమోదు చేసేవారికి, లబ్ధిదారుల జాబితా తయారుచేసేవారికి, రేపు జనగణనకు మా గడపల్లోకి రాబోయేవారికి, మీ అందరికీ కలిపి ఈ ఉత్తరం రాస్తున్నాను.

మా అమ్మ ఈ మాఘమాసంలో చనిపోయింది. డెబ్బై ఒక్కేళ్ళు. దినాలు అయిన మర్నాడు మరణం నమోదు చేయించడానికి వెళ్ళాను. ఆ ఫారంలో చనిపోయినవారి వృత్తి రాసే గడి ఒకటుంది. వృత్తి లేకపోతే ‘లేదు’ అని రాయాలని పక్కనే సూచన కూడా ఉంది. పేరు, వయసు, ఊరు నన్ను అడిగి రాసిన ఉద్యోగి, ఆ గడి దగ్గర మాత్రం నన్ను అడగలేదు. తనే ‘లేదు’ అని రాసుకున్నాడు.

“రైతు అని రాయండి” అన్నాను.

“భూమి ఆమె పేరున ఉందామ్మా?”

“లేదు.”

“మరి?”

ఆయన నన్ను కించపరచలేదు. కుర్చీ వేశాడు, మంచినీళ్ళు ఇచ్చాడు. కానీ ఆ ‘మరి?’ నన్ను వారం రోజులు నిద్రపోనివ్వలేదు. సరిదిద్దమని అర్జీ పెట్టాను. పట్టాదారు కానందున వీలుపడదని ఒక్క వాక్యం రాసి తిప్పి పంపారు. తప్పు ఆ ఒక్క మనిషిది కాదు. ఆయన చేసింది మీ అందరి అలవాటు. అందుకే జవాబు మీ అందరికీ చెబుతున్నాను.

మాది కదిరి వైపు. ఎర్రనేల, వేలితో గీకితే రాయి తగులుతుంది. ఆరెకరాలు, అంతా వానాధారం. అమ్మ పదహారో ఏట మా ఇంట్లో అడుగుపెట్టింది. నాన్న నాగలి పట్టాడు, గొర్రు తోలాడు, కాయలు మార్కెట్టుకు తోలుకుపోయాడు. మిగిలినదంతా అమ్మ. ఆ మిగిలినది ఏమిటో మీరు వినాలి. మీరు ‘లేదు’ అని రాసింది దాన్నే.

సేద్యం లేని కాలమని మీరు అనుకునే ఎండాకాలంలోనే ఆమె ఏడాది మొదలయ్యేది. విత్తనానికి చెనిక్కాయలు ఒలవాలి. ఎకరాకు యాభై అరవై కిలోల గింజ కావాలి, ఆరెకరాలకు మూడు క్వింటాళ్ళు పైమాటే. విత్తనపు గింజను మిషన్లో వేయనిచ్చేది కాదు. పైపొర చిట్లితే మొలక రాదనేది. ఇరుగుపొరుగు ఆడవాళ్ళు ఒకరికొకరు ముయ్యాళ్ళుగా కూర్చుని, రాత్రి బుడ్డీదీపం పెట్టుకుని ఒలిచేవాళ్ళు. నా చిన్నప్పుడు అమ్మ బొటనవేలి గోరు వేసవి పొడుగునా నెర్రెలిచ్చి ఉండేది. అన్నం కలిపేటప్పుడు కారం తగిలి ఆ వేలు పైకెత్తి కలిపేది.

ముంగారు వానలు పడ్డాక విత్తనం ఎప్పుడు వేయాలన్న మాట మా ఇంట్లో ఆమెదే. తెల్లారుజామున చేనికి పోయి, జానెడు లోతు తవ్వి, పిడికెడు మన్ను ఉండ కట్టి నేల మీదికి వదిలేది. ఉండ చితికిన తీరు చూసి పదును చెప్పేది. నాన్న ఆ మాట దాటి గొర్రు కట్టింది నేను చూడలేదు. గొర్రు కదిలాక దాని వెనకే నడుస్తూ జడ్డిగంలో గింజలు పోసేది. పిడికిట్లోంచి గింజ ఎంత వేగంతో జారాలో వేళ్ళకు తెలియాలి. వేళ్ళు బిగిస్తే సాలులో ఖాళీ, వదిలితే విత్తనం దండగ. ఎద్దుల నడక మారితే పిడికిలీ మారాలి. ఇరవై రోజుల తర్వాత మొలిచిన సాళ్ళు చూసి, ఆ చేనికి విత్తనం ఎవరు పోశారో మా ఊళ్ళో చెప్పేవాళ్ళు. మధ్యలో కంది సాలు ఎన్ని సాళ్ళకు ఒకటి రావాలో, గట్టు వెంట ఆముదాలు ఎక్కడ పెట్టాలో, వాన ముఖం చాటేసిన ఏడు చెనిక్కాయ పోయినా ఇంట్లోకి ఏమి రావాలో ఆమెకు లెక్క ఉండేది. మా జిల్లాలో కరువు చాలా ఇళ్ళను ఖాళీ చేసి బెంగుళూరుకు పంపించింది. మా పొయ్యి ఆరకపోవడానికి ఆ కంది సాలు, ఆ అలసంద సాలు, రెండు పాడి ఆవులు కారణం. చెట్లు పెరికాక కాయలు మార్కెట్టుకు పోతే, వేరుశనగ కట్టెను వానకు తడవకుండా వామి వేసి ఏడాది పొడుగునా ఆవులకు సరిపెట్టిందీ ఆమే.

2000వ సంవత్సరం ఖరీఫ్ మీ శాఖల్లో పాతవాళ్ళకు గుర్తుండే ఉంటుంది. అనంతపురం జిల్లాలో రెండు లక్షల హెక్టార్లకు పైగా వేరుశనగ కాండం ఎండి చచ్చిపోయింది. నష్టం మూడు వందల కోట్ల రూపాయలని లెక్క వేశారు. మా చేను మూడు వారాల్లో మాడింది. అమ్మ మాడిన చోటునుంచి మాడని చోటికి నడిచి, మళ్ళీ వెనక్కి నడిచి, గట్టు మీది వయ్యారిభామను చూపించి నాన్నతో అంది: “ఆ పూల సెట్టుండే తావే మొదులైంది సూడు.” వైరస్ ఆ వయ్యారిభామ పుప్పొడిలో ఉందనీ, తామరపురుగులు దాన్ని చేలలోకి మోసుకొచ్చాయనీ శాస్త్రవేత్తలు తర్వాత తేల్చారు. అమ్మకు వైరస్ అన్న మాట తెలియదు. కానీ రోగం ఎటునుంచి నడిచి వచ్చిందో ఆమె చేనిలో నిలబడి కనిపెట్టింది. మరుసటేడు విత్తనం వేయకముందే ఒంటరిగా ఆరెకరాల గట్ల మీది వయ్యారిభామనంతా పెరికింది. ఒళ్ళంతా దద్దుర్లు లేచాయి.

అధికారులారా, ఇది వృత్తి కాకపోతే దేన్ని వృత్తి అంటారు?

నాన్న 2009లో పోయాడు. పెద్దన్న అప్పటికే బెంగుళూరులో, చిన్నన్న కదిరిలో దుకాణంలో ఉన్నారు. ఆ తర్వాత పదహారేళ్ళు ఆ సేద్యం అమ్మ ఒక్కతే చేసింది. ట్రాక్టరు బాడుగకు పిలిచింది, కూలీలను పిలిచింది, కాయలు అమ్మేచోట తూకం దగ్గర నిలబడింది. మోకాళ్ళు అరిగాక కూడా చేని గట్టున కూర్చుని కలుపు తీయించింది. ఈ పదహారేళ్ళూ మీ దస్త్రాల్లో ఆ భూమికి రైతు పెద్దన్న. వేలిముద్ర కావాలన్నప్పుడల్లా బెంగుళూరు నుంచి బస్సెక్కి వచ్చి, వేసి, రాత్రికి వెళ్ళిపోయేవాడు. అన్న మీద నాకు కోపం లేదు. చేతనైనంత డబ్బు పంపాడు, చెల్లెలిగా నన్ను చూసుకున్నాడు. కానీ వేలిముద్ర వేసిన వేలికీ గింజ పోసిన వేలికీ మధ్య తేడా మీకు కనపడాలి కదా?

అడంగల్లో రెండు గడులున్నాయి. ఒకటి పట్టాదారు. రెండోది అనుభవదారు. భూమి ఒకరిదై సాగు మరొకరిదైతే ఆ నిజం ఎక్కడో ఒకచోట ఉండాలని పెద్దలు పెట్టిన గడి అది. అనుభవం అన్న మాటకు తెలుగులో ఫలం పొందడమనీ అర్థముంది, ఎరిగి ఉండడమనీ అర్థముంది. ఏ అర్థంలో చూసినా ఆ ఆరెకరాలకు మా అమ్మ కంటే అనుభవదారు ఎవరు? మా అడంగల్లో రెండు గడుల్లోనూ ఒకే పేరుంది. మీలో ఎవరూ చేనికి వచ్చి చూడలేదు. పై గడిలో పేరును కింది గడిలోకి దించారు, అంతే.

2019 చట్టం కింద సాగుదారు కార్డు తీసుకోవచ్చు కదా అని ఒకరు నాకు సలహా చెప్పారు. దానికి భూమి యజమాని సంతకంతో పదకొండు నెలల ఒప్పందం కావాలి. తల్లి కొడుకు దగ్గర కౌలు పత్రం రాయించుకోవాలా? ఏ తల్లి అడుగుతుంది, అడిగితే ఏ ఊరు ఊరుకుంటుంది?

ఇక్కడ నా తప్పు కూడా చెప్పాలి. 1956 హిందూ వారసత్వ చట్టం ప్రకారం నాన్న వాటాకు భార్య, కూతురు, కొడుకు అందరూ మొదటి తరగతి వారసులే. ఉమ్మడి ఆస్తిలో కూతురికి కొడుకుతో సమానంగా హక్కు ఇస్తూ 1985 సెప్టెంబరు 5 నుంచి అమలయ్యేలా చట్టాన్ని సవరించిందీ మన రాష్ట్రమే. దేశమంతటికీ ఆ హక్కు రావడానికి 2005 దాకా పట్టింది. అంత ముందు నడిచిన రాష్ట్రంలో, నాన్న పోయిన ఏడాది, పెద్దన్న పేరున పట్టా మారడానికి నేనూ అమ్మా సంతకాలు పెట్టాం. ఎవరూ బలవంతం చేయలేదు. ఆడబిడ్డ పుట్టింటి నేల అడిగితే బాగుండదని నేను పెట్టాను. కొడుకుల దగ్గర పేచీ ఎందుకని అమ్మ పెట్టింది. ఆమెకు సంతకం పొదుపు సంఘంలో వచ్చింది. అప్పు తీసుకోవడానికి నేర్చుకున్న ఆ సంతకంతోనే భూమి వదులుకుంది. పక్కన కూర్చున్న నేను ఆ కాగితం ఆమెకు పూర్తిగా చదివి వినిపించలేదు. ఈ ఉత్తరం రాయడానికి నాకున్న కారణాల్లో అదీ ఒకటి. మరి కాగితాలు తీసుకొచ్చిన ఉద్యోగికి ఆ చట్టం తెలియదా? తెలిసి కూడా ‘మీకూ వాటా ఉందమ్మా’ అని ఒక్క మాట ఎందుకు అనలేకపోయాడు? చట్టం చెప్పడం ఆయన పనిలో భాగం కాదా?

అప్పు దగ్గరికి వస్తే మాత్రం ఆమె ఉందని అందరికీ తెలుసు. సంఘంలో తీసిన అప్పు ఆమె పేరున. విత్తనకాలంలో తాకట్టుకు పోయిన కమ్మలు ఆమెవి. ఆ డబ్బు పోయింది ఆ ఆరెకరాల్లోకే. అయినా అది పంటరుణం కాదు, మహిళా సంఘం అప్పు. మాఫీ వచ్చినా, పంట నష్టానికి పరిహారం వచ్చినా అది పాసుపుస్తకం ఉన్న పేరును వెతుక్కుంటూ పోయింది. 2019లో మొదలైన పీఎం కిసాన్ కూడా భూమి పత్రం ఉన్న కుటుంబానికే. నేను తెలంగాణలో ఉంటున్నాను కనుక అక్కడి సంగతీ చెబుతాను. 2018లో అక్కడ మొదలైన రైతుబీమా కింద రైతు చనిపోతే ఇంటికి ఐదు లక్షలు వస్తాయి. మంచి పథకం. కానీ అదీ పట్టాదారుకే. పత్తిచేలో పురుగుమందు కొడుతూ కుప్పకూలిన ఇల్లాలి పేరు పట్టాలో లేకపోతే ఆ ఇంటికి ఆ బీమా లేదు. చచ్చిపోయినప్పుడు కూడా భర్త పాసుపుస్తకం చాటునే ఉండాలా ఆమె?

రైతు అంటే పట్టా ఉన్నవాడు అన్న ఆలోచన ఎక్కడినుంచి వచ్చింది? 1800 నుంచి 1807 దాకా మన దత్తమండలాలకు ప్రిన్సిపల్ కలెక్టరుగా ఉన్న థామస్ మన్రో చేను చేనుకూ కొలత వేయించాడు, పట్టాలు రాయించాడు. శిస్తు ఎవరి దగ్గర వసూలు చేయాలో తేలడానికి. శిస్తు కోసం పుట్టిన గడి అది. చెమట ఎవరిదో చెప్పడానికి పుట్టింది కాదు. రెండు వందల ఏళ్ళు దాటాక కూడా, స్వతంత్ర దేశంలో, మీరు అదే గడిలోంచి తొంగిచూసి ఎవరు రైతో ఎవరు కాదో చెబుతున్నారు.

మీ సొంత నియమాలే మీకు అడ్డు చెబుతున్నాయని గుర్తుచేయక తప్పదు. జనగణన నిర్వచనం ప్రకారం ఇంటి పొలంలో జీతం లేకుండా చేసే పని కూడా పనే. సాగుదారు కావడానికి భూమి సొంతమై ఉండాలన్న షరతు అందులో లేదు. పైగా భూమి ఉన్నా దాన్ని మరొకరికి సాగుకిచ్చి, తను సాగు చూడనివాడు సాగుదారు కాడని అదే నిర్వచనం చెబుతుంది. అంటే ఆ లెక్క ప్రకారం బెంగుళూరులో ఉన్న మా అన్న సాగుదారు కాడు, మా అమ్మ సాగుదారు. స్వామినాథన్ అధ్యక్షతన పనిచేసిన జాతీయ రైతు కమిషన్ తర్వాత 2007లో కేంద్రం తెచ్చిన జాతీయ రైతు విధానం కౌలుదారుల్నీ, వ్యవసాయ కూలీల్నీ, పశువుల కాపరుల్నీ, అడవి ఫలసాయం ఏరుకునే గిరిజనుల్నీ రైతులే అంది. ఇన్ని కాగితాల్లో రైతు అయిన మనిషి మీ బల్ల దగ్గరికి వచ్చేసరికి ఎందుకు కాకుండా పోతుంది?

ఆ స్వామినాథన్ గారే రాజ్యసభ సభ్యుడిగా మహిళా రైతుల హక్కుల కోసం ఒక ప్రైవేటు బిల్లు పెట్టారు. భూమి పేరున ఉన్నా లేకున్నా సాగు చేసే స్త్రీకి ఊరే రైతుగా ధ్రువపత్రం ఇవ్వాలన్నది అందులో ముఖ్యమైన మాట. ఎంత సులువైన మాట! ఎవరు రైతో ఊరికి తెలియదా? ఆ బిల్లు చర్చకు నోచుకోకుండానే 2013లో మురిగిపోయింది. ఇప్పుడు 2026ను ఐక్యరాజ్యసమితి అంతర్జాతీయ మహిళా రైతు సంవత్సరంగా ప్రకటించింది. అక్టోబరు 15న మీ కార్యాలయాల్లో మహిళా కిసాన్ దివస్ జరుగుతుంది, శాలువాలు కప్పుతారు. ఆ ఏడాదిలోనే మా అమ్మకు వృత్తి లేదని మీరు రాశారు. ఈ రెండూ ఒకే ప్రభుత్వం చేతులతో ఎలా జరుగుతాయి?

ఒక్క గడి కోసం ఇంత గొడవ ఎందుకని మీలో ఎవరికైనా అనిపిస్తే, ఒక లెక్క చూడండి. 2022లో దేశంలో ఆత్మహత్య చేసుకున్న సాగుదారులు 5,207 మంది అని జాతీయ నేర రికార్డుల సంస్థ రాసింది. అందులో స్త్రీలు 208 మంది. అదే ఏడు, అదే పుస్తకంలో, గృహిణులు 25,309 మంది. ఆ గృహిణుల్లో పట్నాల వాళ్ళుంటారు, వేరే బాధలతో పోయినవాళ్ళుంటారు, కాదనను. కానీ పల్లెల్లో పొద్దున లేచి చేనికి పోయి, పంట పోతే కూలి, సంఘం వాయిదా కట్టలేక పోయినవాళ్ళు వారిలో ఎందరు? ఆ ప్రశ్నకు జవాబు దొరకదు. వృత్తి గడి దగ్గర ఎవరూ అడగలేదు కనుక. పంట నష్టం ఎవరిని చంపుతోందో తెలియని ప్రభుత్వం ఎవరిని కాపాడుతుంది?

అమ్మ పోయాక ఇంకొకటి జరిగింది. అటక మీద ఏడు కుండలున్నాయి. వేపాకు, బూడిద కలిపి దాచిన విత్తనాలు. అలసందలు, అనుములు, రెండు రకాల కందులు నేను గుర్తుపట్టాను. మిగిలినవి గుర్తుపట్టలేకపోయాను. చిన్నన్న ఫోను చేసి, ఏ కందులు రాతినేల చెక్కలో వేసేదో, ఏవి కింది చెక్కలో వేసేదో అడిగాడు. నాకు తెలియదన్నాను. వాడికీ తెలియదు. పాసుపుస్తకంలో సర్వే నంబరుంది, విస్తీర్ణముంది, నాలుగు హద్దులున్నాయి. ఈ సంగతి లేదు. యాభై అయిదేళ్ళ సేద్యం తెలిసిన మనిషి వెళ్ళిపోయింది. ఆమె దగ్గరికి ఏ విస్తరణాధికారీ పుస్తకం పట్టుకుని రాలేదు. ఊరికి వచ్చినవాళ్ళు ‘రైతు లేడా?’ అని గడపలో నిలబడి అడిగి, అన్న లేడని తెలిసి వెళ్ళిపోయారు. ఆ రైతు చాటలో కందులు చెరుగుతూ వాళ్ళ ఎదురుగానే కూర్చుంది. మంచినీళ్ళు ఇచ్చి పంపింది.

అందుకని అడుగుతున్నాను. మరణ సమాచారం రాసేటప్పుడు, ఆడమనిషి అయితే, గడి నింపకముందు ‘ఆమె ఏం పని చేసేది?’ అని నోరు తెరిచి అడగండి. అడంగల్ రాసేవారు ఏడాదికి ఒక్కసారైనా చేని దగ్గరికి వచ్చి, అక్కడ వంగి ఉన్నది ఎవరో చూసి అనుభవదారు గడి నింపండి. 2027 ఫిబ్రవరిలో జనగణనకు వచ్చేవారు ఇంటి మగవాణ్ణి అడిగి ఆడవాళ్ళ పని రాయకండి. చేతులు చూపించమనండి, మీకే తెలుస్తుంది. దీనికి కొత్త చట్టం అక్కర్లేదు, బడ్జెట్ అక్కర్లేదు. పట్టాదారు కానందున వీలుపడదన్న వాక్యం ఏ నియమం కింద రాస్తున్నారో ఒక్కసారి బయటపెట్టండి. అలాంటి నియమం లేకపోతే, లేదని మీ కింది ఉద్యోగులందరికీ రాతపూర్వకంగా తెలియజేయండి.

నా అర్జీ మళ్ళీ పెడుతున్నాను. దానికి పాసుపుస్తకం నకలు జతచేయడం లేదు. మా ఊరివాళ్ళు పద్నాలుగు మంది సంతకాలు, వేలిముద్రలు జతచేస్తున్నాను. గొర్రు తోలినవాడున్నాడు, అమ్మ పిడికిలి ఎలా నడిచేదో చెబుతాడు. ముప్పై ఏళ్ళు ఆమెతో సాలు పక్క సాలు కలుపు తీసినవాళ్ళున్నారు. ట్రాక్టరు బాడుగ ఎవరి చేతినుంచి తీసుకున్నాడో చెప్పే డ్రైవరున్నాడు. కాయలు కొన్న వ్యాపారి ఉన్నాడు, తూకంలో కిలో తేడా వస్తే ఆమె ఎలా నిలదీసిందో ఆయనకు ఇప్పటికీ గుర్తుంది. పద్నాలుగో వేలిముద్ర పెద్దన్నది. ఇన్నాళ్ళూ రైతుగా వేసిన ఆ వేలితోనే, రైతు తను కాదు, అమ్మ అని వేశాడు. వాళ్ళందరూ మీరు పిలిచిన రోజున వస్తారు. ముంగారు వానలు పడితే మాత్రం ఎవరికీ తీరిక ఉండదు. ఆలోపు పిలవండి.

ఇట్లు,
ఒక వేరుశనగ రైతు కూతురు